గోదారి గట్టు చూసుకునే పెద్దలకి బహిరంగ లేఖ: ప్రతి రేవుకీ దాని పేరు రాయించండి

రాజమండ్రిలో గోదారి గట్టు, రేవులు, ఆ పక్క రోడ్లు, పార్కులు, పుష్కరాల పనులు చూసుకునే అధికారులకి, ఇంజనీర్లకి, ప్రజాప్రతినిధులకి, అందరికీ కలిపి నమస్కారం అండీ.

మాది అనంతపురం జిల్లా. మాకు ఏరు అంటే ఇసక. పెన్నలో నీళ్ళొచ్చాయంటే పక్క ఊళ్ళ నుంచి కూడా బండ్లేసుకుని చూడ్డానికి పోతాం, పిల్లలకి సెలవు దొరికినంత సంబరంగా ఉంటుంది. అలాంటి చోట పుట్టి పెరిగిన మా అమ్మకి చిన్నప్పటి నుంచి ఒకటే కోరిక, గోదారిలో ఒక్కసారి మునగాలి, ఆ గట్టు మీద తన కాళ్ళతో తను నడవాలి. 2015 పుష్కరాలకి టికెట్లు కూడా తీసాం, అమ్మ బ్యాగు సర్దుకుని రెండు రోజులుగా గుమ్మం పక్కనే పెట్టుకుంది, జూలై 14 పొద్దున టీవీ పెడితే పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాట, ఒడ్డున చెల్లాచెదురుగా చెప్పులు, సంచులు, ఏడుస్తున్న ఆడవాళ్ళు. స్నానానికి వచ్చిన వాళ్ళు పాతికమందికి పైగా పోయారు ఆ రోజు. నాన్న ఏమీ మాట్లాడకుండా లేచెళ్ళి టికెట్లు క్యాన్సిల్ చేయించొచ్చాడు. తర్వాత కొన్నేళ్ళకి నాన్న కూడా పోయాడు. అమ్మ ఆ బ్యాగు సంగతి మళ్ళీ ఎత్తలేదు కానీ గోదారి పేరు టీవీలో వినపడితే చాలు, చేతిలో పని ఆపేసి చూసేది.

పోయిన డిసెంబర్లో, పుష్కరాలూ లేవు పండగా లేదు, జనం ఉండరు కదా అని అమ్మని తీసుకుని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కా. మూడు రోజులున్నాం. కార్లు మాట్లాడుకోలేదు, అమ్మకి మోకాళ్ళ నొప్పులున్నా సరే నడుద్దాం అంది, కూర్చుంటూ లేస్తూ మూడు రోజులూ ఆ గట్టు మీదే తిరిగాం. ఆ నడకలో చూసిందీ, పడిందీ, అనిపించిందీ మీకు చెప్పాలని ఈ లేఖ. కోపంతో రాస్తున్నది కాదండీ, ఆ ఊరు మాకు అంత నచ్చింది కాబట్టే రాస్తున్నా.

పొద్దున కొవ్వూరు దాటి రైలు వంతెన మీదికి ఎక్కగానే కంపార్ట్‌మెంట్‌లో ఒక్కసారిగా కదలిక, నిద్రపోతున్న వాళ్ళు లేచి కూర్చున్నారు, ఎదురు సీటు ముసలాయన జేబులోంచి రూపాయి తీసి కళ్ళకద్దుకుని కిటికీలోంచి విసిరాడు. అమ్మ కిటికీ ఊచలు రెండు చేతుల్తో పట్టుకుని నీళ్ళని చూస్తా ఉంది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు, అవతలి ఒడ్డు కనపడట్లేదు, రైలు పోతూనే ఉంది నీళ్ళు అయిపోవట్లేదు. "ఇన్ని నీళ్ళు ఎక్కడివిరా నాయనా" అంది. నేనేం చెప్తా. నేను కూడా మొదటిసారే కదా చూడటం.

స్టేషన్ బయట ఆటో అతన్ని రేవుకి తీసుకెళ్ళమంటే "పుష్కర ఘాటేనా అండి?" అన్నాడు. అవునన్నాం. ఎందుకంటే మాకు తెలిసిన పేరు అదొక్కటే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను చెప్పదలుచుకున్నదంతా దీని చుట్టూనే ఉంది.

పుష్కర ఘాట్ ఆ పొద్దున ఎంత ప్రశాంతంగా ఉందంటే, పదేళ్ళుగా మా ఇంట్లో భయంగా మిగిలిపోయిన చోటు ఇదేనా అనిపించింది. మెట్ల మీద గొడుగు కింద ఒక పంతులు గారు ఎవరి చేతో పిండప్రదానం చేయిస్తున్నారు, కాకులు కాచుక్కూర్చున్నాయి, పక్కనే ఇద్దరు ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి అమ్ముతున్నారు. అమ్మ మూడుసార్లు మునిగింది. మూడోసారి లేచాక నాన్న పేరు చెప్పుకుంది. సంకల్పంలో పంతులు గారు కాటన్ దొరని కూడా తలుచుకున్నారు. ఒక ఇంగ్లీష్ ఇంజనీరుని నదీ స్నానం మంత్రంలో కలుపుకున్న ఊరు ఇంకెక్కడైనా ఉందా అని నాకు ఒళ్ళు పులకరించింది.

స్నానం అయ్యాక అసలు నడక మొదలైంది. పుష్కర ఘాట్ దగ్గరే మార్కండేయ స్వామి గుడి, కాస్త లోపలికెళ్తే కోటగుమ్మం సెంటర్. పేరులో కోట ఉంది, గుమ్మం ఉంది. నన్నయ గారు భారతం తెలుగు చేయడం మొదలుపెట్టింది ఇదే ఊళ్ళో రాజరాజ నరేంద్రుడి దగ్గర కదా, దాదాపు వెయ్యేళ్ళ కిందటి మాట, మనం ఇవాళ రాసే తెలుగుకి మొదటి పేజీ ఈ నీళ్ళ ఒడ్డునే పడింది. అక్కడ నిలబడి అమ్మకి ఈ సంగతి చెప్తే "మరి ఆ మాట ఇక్కడ ఎక్కడా రాసి పెట్టలేదేంరా" అని అడిగింది. మేం నిలబడ్డ చోట, చుట్టుపక్కల, రాసి ఉన్నవి కోచింగ్ సెంటర్లు, ఆస్పత్రులు, పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు. కోటగుమ్మం దగ్గర చల్లటి రోజ్ మిల్క్ తాగించా అమ్మకి, ఎంత బావుందో, అమ్మ రెండోది కూడా తాగింది.

అక్కణ్ణుంచి గట్టు ఎక్కి అటూ ఇటూ ఎంత దూరం పోతే అంత దూరం పోదాం అనుకున్నాం. గౌతమి ఘాట్, సరస్వతి ఘాట్, కోటిలింగాల రేవు, ఇలా పొడుగునా రేవులున్నాయి, ఒక్కోదానిది ఒక్కో తీరు. ఒకచోట బట్టలుతుకుతారు, ఒకచోట ఇసక పడవలు కట్టేసి ఉంటాయి, ఒకచోట కుర్రాళ్ళు పుస్తకాలు పట్టుకుని పోటీ పరీక్షలకి చదువుకుంటూ ఉంటారు, ఒకచోట పొద్దున్నే ముసలాళ్ళు గుంపుగా వ్యాయామం చేసి గట్టిగా నవ్వుతారు. ఈ పేర్లన్నీ మాకెలా తెలిసాయంటే కనపడ్డ ప్రతివాళ్ళనీ అడిగి తెలుసుకున్నాం. చాలా రేవుల దగ్గర మాకు పేరు బోర్డు కనపడలేదు, ఉన్నచోట ఫ్లెక్సీ వెనకో తోపుడు బండి వెనకో ఉంది. ఇది ఏ రేవండీ అని అడిగితే స్థానికులు కూడా ఒక్కోసారి ఒక్కో పేరు చెప్పారు.

రెండో రోజు మధ్యాహ్నం అలాంటి పేరు లేని ఒక రేవులోనే అమ్మ జారింది. కాళ్ళు కడుక్కుందామని మెట్లు దిగింది, నీళ్ళు తగిలే మెట్టు మీద ఆకుపచ్చ నాచు, చూడ్డానికి తడి రాయిలాగే ఉంది, కాలు పెట్టగానే సర్రున జారింది. పట్టుకోవడానికి గొట్టం గానీ గొలుసు గానీ ఏమీ లేదు. పక్కన పూలమ్ముకునే ఆవిడ బుట్ట వదిలేసి అమ్మ రెక్క పట్టుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పక్క మెట్టు విరిగిపోయి కింద లోతుంది. ఆవిడ చామంతులు సగం నీళ్ళలో పోయాయి. డబ్బులిస్తానంటే తీసుకోలేదు, "పెద్దావిడ బాగుంది, అది చాలండి" అంది, పైగా తన దగ్గరున్న ఫ్లాస్కులో టీ పోసిచ్చింది. అమ్మకి మోచెయ్యి గీరుకుపోయింది, చీర తడిసింది. మార్చుకోవడానికి గది వెతికితే తాళం. బాత్రూంకి తాళం. తాళం ఎవరి దగ్గర ఉంటుందో చెప్పే మనిషి కూడా లేడు. చివరికి ఆ పూలావిడే తన దుప్పటి అడ్డం పట్టుకుంటే అమ్మ చీర మార్చుకుంది. 67 ఏళ్ళ మనిషండీ. ఇది చెప్పుకోవడానికి అమ్మకే సిగ్గనిపించింది, రాయొద్దు అంది కూడా, కానీ ఆడవాళ్ళు ఎంతమంది ఇలాగే సర్దుకుని వెళ్ళిపోతున్నారో అని రాస్తున్నా.

ఇంకోటి, గట్టు మీద దారి ఉన్నట్టుండి ఆగిపోతుంది. బాగా టైల్స్ వేసి, పక్కన మొక్కలు పెట్టి, కూర్చోడానికి బల్లలు వేసి కొంత దూరం ఎంతో బావుంటుంది, హఠాత్తుగా ఒక గోడో, కంకర కుప్పో, ముళ్ళకంపో అడ్డం వస్తుంది, అక్కడ దిగి రోడ్డు మీదికి పోవాలి, ఫుట్‌పాత్ మీద బండ్లు పార్క్ చేసి ఉంటాయి, లారీలు రాసుకుంటూ పోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడక, మళ్ళీ ఎక్కడో సందు వెతుక్కుని గట్టు ఎక్కాలి. రెండు కిలోమీటర్లకి మూడుసార్లు ఇలా దిగి ఎక్కాం. కుర్రాళ్ళయితే గోడ దూకేస్తారు. ముసలాళ్ళు, చంటిపిల్లల తల్లులు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు ఏం చేయాలి? మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా మొహం మీదే కొడుతుంది, ఎందుకంటే ఊరు తూర్పు ఒడ్డున ఉంది, నది పడమర వైపు. డిసెంబర్లోనే కళ్ళు మూసుకుపోయాయి, ఇంక పుష్కరాలొచ్చే జూన్ చివర్లో వాన పడని రోజు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద రావి చెట్లు ఉన్నచోటే జనం ఉన్నారు, లేనిచోట ఎంత ఖరీదైన బల్ల వేసినా ఖాళీగానే ఉంది. దయచేసి ఏ పనికైనా సరే ఉన్న చెట్టు మాత్రం కొట్టించకండి, ఆ రావి నీడ మళ్ళీ రావాలంటే మీకూ నాకూ వయసు చాలదు.

కానీ అదే పడమర దిక్కు సాయంత్రానికి ఆ ఊరికి వరమైపోతుంది. సూర్యుడు కొవ్వూరు వెనక్కి దిగుతుంటే ఆర్చి వంతెన విల్లులన్నీ నల్లగా గీసినట్టు కనపడతాయి, నీళ్ళు రాగి రంగులోకి మారతాయి, ఆ వెలుగులో ఒక రైలు పోతే గట్టు మీద ఉన్నవాళ్ళంతా మాటలు ఆపేసి చూస్తారు. రోజూ చూసే వాళ్ళు కూడా! ఆ ఆర్చి వంతెన 1997లో వచ్చింది, ఒక్కో విల్లు దాదాపు వంద మీటర్ల పొడుగు, అలాంటివి 28. దాని పక్కనే పాత హేవలాక్ వంతెన, 1897లో మొదలుపెట్టి 1900లో రైలు నడిపారు, 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. కొత్తది రాగానే ఇది ఆగిపోయింది, దాదాపు నూరేళ్ళు మద్రాసు–కలకత్తా లైను బరువు మోసి మోసి ఇప్పుడు ఊరికే నిలబడి ఉంది. దాన్ని కట్టిన ఇంజనీరు వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన పని చూసినాయన. అంటే కాశీకి, రాజమండ్రికి పుణ్యంలోనే కాదు, ఇనుములో కూడా చుట్టరికం ఉంది.

ఆ పాత వంతెన స్తంభాలకి దగ్గరగా పోయి చూసాం, ఒక పడవ అన్నతో మాట్లాడుకుని. ఒడ్డున తన నాటు పడవని బోర్లా తిప్పి అడుగున పగుళ్ళకి తారు పూస్తున్నాడు, పక్కన చిన్న డబ్బాలో తారు కాగుతూ ఉంది, గుడ్డ ముక్కని చెక్కల సందులోకి ఉలితో మెల్లగా కొట్టి, దాని మీద తారు పూసి, బొటనవేలితో నొక్కి చూసి, మళ్ళీ ఇంకో ముక్క. అరగంట అలాగే చూస్తూ కూర్చున్నాం. "ఎక్కడ్నుంచండి?" అన్నాడు. అనంతపురం అంటే "ఆయ్, మీకు నీళ్ళుండవు కదండి" అన్నాడు, ఆ మాటలో జాలి ఉంది గానీ ఎగతాళి లేదు. వాళ్ళ అన్నయ్యది ఇంకో పడవ ఉంటే ఎక్కించుకుని స్తంభాల దాకా తీసుకెళ్ళాడు. ఆ రాతి కట్టడం మీద నీటి చారలు ఒకదాని మీద ఒకటి, లేత రంగు, ముదురు రంగు, ఏడాదికో గీత గీసినట్టు. తెడ్డుతో చూపించి "ఎర్ర నీళ్ళొచ్చినప్పుడు ఇవన్నీ మునుగుతాయండి, 86లో అయితే మా నాన్న చెప్పేవాడు, గట్టు ఎక్కేస్తదేమోనని ఊరంతా రాత్రుళ్ళు నిద్రపోలేదంటండి" అన్నాడు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయింది. చదివితే అంకె. తెడ్డు పైకెత్తి చూపిస్తే భయమేసింది. ఆ పైన ముగ్గురు పిల్లలు అయస్కాంతాలు తాడుకి కట్టి నీళ్ళలోకి విసిరి లాగుతున్నారు, రైల్లోంచి వేసిన నాణేల కోసం. అమ్మకి ఎదురు సీటు ముసలాయన వేసిన రూపాయి గుర్తొచ్చింది, "దొరికిందారా?" అని ఆ పిల్లాణ్ణి నిజంగానే అడిగింది.

మూడో రోజు ధవళేశ్వరం పోయాం. అది నడిచే దూరం కాదు, ఆటోలో వెళ్ళాం. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేసారు కాటన్ దొర, ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో తర్వాత కట్టింది, 175 గేట్లు. కాటన్ మ్యూజియంలో ఆ కాలం పనిముట్లు, నమూనాలు చూసాం. అక్కడ అమ్మకి బాగా నచ్చింది నది అక్కణ్ణుంచి గౌతమి, వసిష్ఠ అని చీలి సముద్రానికి పోతుందన్న సంగతి. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మేం టీవీలో మొదటి ప్రమాద హెచ్చరిక అని వినడమే తప్ప అది ఎంత ఎత్తో ఎప్పుడూ ఊహించలేదు. అప్పుడే నాకనిపించింది, ఆ హెచ్చరికల టైమ్‌లో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో రాజమండ్రిలో ప్రతి రేవు మెట్ల మీదా ఒక రాతి గుర్తు, పక్కన సంవత్సరం చెక్కి ఉంటే, 1986, 2022 అని, చూసిన పిల్లాడు జీవితంలో మర్చిపోడు. దీనికి కోట్లు అక్కర్లేదండీ, ఒక శిల్పి, నాలుగు రోజుల పని.

ఊళ్ళో ఇంకో రత్నం దామెర్ల రామారావు గారి బొమ్మలు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అప్పటి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయనలో ఉన్నది కనిపెట్టి బొంబాయి పంపిస్తే జేజే స్కూల్లో చదువుకుని వచ్చి సొంత ఊళ్ళోనే చిత్రకళ నేర్పించడానికి పూనుకున్న మనిషి. ఆయన పేరు మీద ఊళ్ళో గ్యాలరీ ఉంది. మేం తిరిగిన దారుల్లో అటు దారి చూపే బాణం గుర్తు ఒక్కటీ కనపడలేదు, నేను ముందే చదువుకుని వచ్చాను కాబట్టి అడుగుతూ వెళ్ళాం. వీరేశలింగం గారి ఇల్లు, ఆయన 1890లో కట్టించిన టౌన్‌హాలు, గౌతమీ గ్రంథాలయం, రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం, ఇవన్నీ ఒకే ఊళ్ళో ఉన్నాయి, 1881లో వీరేశలింగం గారు తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు ఇది. నదికి స్నానానికి వచ్చిన లక్షల మంది పక్కనే ఇవి ఉన్నాయని తెలీక తిరిగి బస్సెక్కేస్తున్నారు.

ఇప్పుడు నేను అడగదలుచుకున్న మాటకి వస్తా.

మేం నాన్న ఉన్నప్పుడు ఒకసారి కాశీ వెళ్ళాం. అక్కడ మురికి ఉంది, తోపులాట ఉంది, కానీ ఒకటుంది, ప్రతి ఘాటు గోడ మీదా దాని పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, పడవలోంచి చూసినా కనపడుతుంది. అస్సీ నుంచి ఒడ్డు వెంబడే నడుచుకుంటూ పోవచ్చు, హరిశ్చంద్ర ఘాట్ దాటాం, కేదార్ దాటాం అని అమ్మ తనే చదువుకుంటూ లెక్కపెట్టింది. తప్పిపోతే ఫలానా ఘాటు దగ్గరుండండి అని ఫోన్లో చెప్పుకునే వీలుంది. రాజమండ్రిలో అమ్మా నేనూ ఒకసారి విడిపోయాం, పది నిమిషాలే, ఫోన్లో "ఎక్కడున్నావమ్మా" అంటే "నీళ్ళ దగ్గర" అంది. ఇంకేం చెప్పగలదు? జనం లేని రోజు కాబట్టి దొరికింది.

ఇదే పుష్కరాల రోజు అనుకోండి. అనంతపురం నుంచో ఆదిలాబాద్ నుంచో ఒరిస్సా నుంచో వచ్చిన మనిషికి తెలిసిన పేరు ఒక్కటే, పుష్కర ఘాట్. మాకూ అంతే కదా, ఆటో అతను అడగ్గానే అదే చెప్పాం. పేరు తెలియని రేవుకి ఎవరు మాత్రం వెళ్తారు? ఒక్క పేరు తెలిసిన లక్ష మంది ఆ ఒక్క చోటికే వస్తారు. 2015లో ఆ పొద్దున జరిగిన దానికి కారణాలు చాలా చెప్పారు, వాటి తీర్పు చెప్పే వాణ్ణి నేను కాదు, కానీ బయట ఊరి మనిషిగా నాకు తోచింది మాత్రం ఇది. గురుడు సింహరాశిలోకి వస్తే పుష్కరం గోదారి మొత్తానికి వస్తుంది, త్ర్యంబకం నుంచి సముద్రం దాకా ఎక్కడ మునిగినా ఒకటే పుణ్యం, అమ్మకి ఆ మాట చెప్పింది కూడా అక్కడి పంతులు గారే. మరి ఆ మాట రేవు రేవుకీ రాసి పెట్టండి. ఈ రేవు పేరు ఇది, ఇక్కడ స్నానం చేసినా అదే ఫలం, పక్క రేవు ఇన్ని అడుగుల్లో ఉంది, అని. తెలుగులో, పెద్దక్షరాల్లో, గోడ మీద, పదికాలాలు ఉండేలా. ఫ్లెక్సీ మీద వద్దు, గాలికి పోతుంది, లేకపోతే ఎవరో ఒకరి ఫోటో దాని మీదికి వస్తుంది.

పేరుతో పాటు దారి కావాలి. గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా తెగకుండా, రోడ్డు మీదికి దిగే అవసరం లేకుండా, ఇద్దరు పక్కపక్కన నడిచేంత దారి. ఒక రేవు నిండితే జనాన్ని పక్క రేవుకి పొమ్మని పోలీసులు చెప్పాలన్నా పోవడానికి దారంటూ ఉండాలి కదా. నేను నడకకి అడుగుతున్న దారీ, ఆ రోజు ప్రాణాలు కాపాడే దారీ ఒకటే. జూన్ 26, 2027న పుష్కరాలు మొదలంటున్నారు. మధ్యలో ఉన్నవి ఒకటీ రెండూ వానాకాలాలు, ఎర్ర నీళ్ళొస్తే మెట్ల పని ఆపేయాల్సిందే, అందుకే ముందు తెగిన చోట్లు కలిపే పని చేయండి, రంగులూ లైట్లూ తర్వాతైనా పెట్టుకోవచ్చు.

మెట్లకి గొలుసులో గొట్టాలో పెట్టించండి, నాచుని వారానికోసారి గీకించండి, ఆ పని అక్కడి పడవ వాళ్ళకో, పూలమ్ముకునే వాళ్ళ ఇళ్ళలో వాళ్ళకో జీతమిచ్చి అప్పగిస్తే ఆ మెట్లు వాళ్ళ ఇంటి గుమ్మంలాగే చూసుకుంటారు. కట్టిన బాత్రూములు తెరిచి ఉంచండి, కొత్తవి కట్టకపోయినా పర్లేదు. తాళం ఉన్న మనిషి ఫోన్ నంబర్ తలుపు మీద రాయించినా చాలు. ఒకచోట మురుగు కాలవ నేరుగా నదిలోకి కలుస్తుంటే చూసాం, దానికి కాస్త దిగువనే జనం నోట్లో నీళ్ళు పోసుకుని ఆచమనం చేస్తున్నారు, దాని గురించి ఎక్కువ రాయను, మీకు నాకంటే బాగా తెలుసు, కానీ అమ్మ ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

హేవలాక్ వంతెన గురించి ప్రత్యేకంగా ఒక మాట. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన చేసినప్పుడు అందులో పుష్కర ఘాట్‌తో పాటు ఈ వంతెన కూడా ఉందని విని చాలా సంతోషపడ్డా. నడిచేవాళ్ళకి ఆ వంతెన తెరిస్తే దేశంలో అలాంటి నడక ఇంకోటి ఉండదు, పక్క వంతెన మీద రైలు పోతుంటే మనం పాత వంతెన మీద నది మధ్యలో నిలబడి చూడటం! కానీ దాన్ని దుకాణాలతో నింపేయకండి. టీ కొట్లు, బొమ్మల కొట్లు ఒడ్డున పెట్టుకోవచ్చు. ఆ ఇనుప దూలాలు, రివెట్లు, ఆ రాతి స్తంభాల మీది వరద చారలు, అవే చూడ్డానికి వస్తాం మేం. కనీసం కొన్ని ఖానాలైనా ఖాళీగా, గాలి వచ్చేలా, నీళ్ళు కనపడేలా వదిలేయండి. ప్రవేశ రుసుం పెడితే మాత్రం ఆ అయస్కాంతం పిల్లలు కొనుక్కోగలిగేంతే పెట్టండి, వంతెన వాళ్ళది కూడా కదా.

పడవ వాళ్ళని, పూలవాళ్ళని, దీపాలమ్మే వాళ్ళని సుందరీకరణ పేరుతో గట్టు మీంచి పంపించేయకండి. మేం ఆ మూడు రోజుల్లో తెలుసుకున్నదంతా వాళ్ళ నోటి నుంచే. రేవుల పేర్లు కూడా వాళ్ళే చెప్పారు, ఏ రేవు అసలు పేరు ఏదో రాసేముందు వాళ్ళనీ, అక్కడి పంతుళ్ళనీ, పాతకాలం వాళ్ళనీ కూర్చోబెట్టి అడిగి రాయించండి. కొత్తగా నాయకుల పేర్లు పెట్టొద్దు. ఉన్న పేరే కావాలి.

ఆఖరి రోజు సాయంత్రం హారతి చూసాం పుష్కర ఘాట్‌లో. అమ్మ దొప్పలో దీపం వదిలింది, ఆ పూలావిడ దగ్గరే కొన్నది, వెతుక్కుంటూ పోయి మరీ. దీపం కొంతదూరం పోయి పాత వంతెన వైపు తిరిగింది. "పుష్కరాలకి వద్దాంరా" అంది అమ్మ. పదేళ్ళ తర్వాత ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చింది. నేను వెంటనే సరే అనలేకపోయా.

2027 మార్చిలో ఒకసారి నేనొక్కణ్ణే వస్తా. గట్టు ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తా. అమ్మ జారిన ఆ రేవు గోడ మీద దాని పేరు ఉంటే ఫోటో తీసి అమ్మకి పంపించి టికెట్లు బుక్ చేస్తా.

ఇట్లు,
అమ్మని తీసుకుని గోదారి చూడ్డానికి వచ్చిన
అనంతపురం జిల్లా మనిషి